మంత్రిగారి ప్రొవిజనల్ పాస్

"పరీక్షలంటే భయపడే యువతకు వెన్నుదన్నుగా నిలిచేందుకు, కొత్త పరిశోధనల శాఖ మంత్రివర్యులు పేటెంట్ అటార్నీ అర్హత పరీక్షను స్వయంగా రాసి జాతికి అంకితం చేయనున్నారు."

ఈ శుభవార్త ఫోన్ స్పీకర్లో వినిపించే వేళకి మా ఆయనా నేనూ దుప్పటి మడతపెడుతున్నాం. పెళ్లయిన కొత్తలో దుప్పటి మడతపెట్టడం ఎంత గొప్ప పనో ఈ పత్రిక పాఠకుల్లో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. చెరో కొసా పట్టుకుని దూరంగా నిలబడతాం. మడత పడినప్పుడల్లా దగ్గరికొస్తాం. చివరి మడతకి వేళ్లకి వేళ్లు తగులుతాయి. సరిగ్గా ఆ చివరి మడత దగ్గరే ఫోన్ మోగింది.

ఆ దుప్పటి మామూలు దుప్పటి కాదు. మా గదికి గోడ. మేముంటున్నది మా వదినగారి ఇంట్లో, అంటే మా ఆయన అక్కగారి ఇంట్లో, హాల్లో సగం. అడ్డంగా ఒక తాడు కట్టి, దాని మీద దుప్పటి వేసి, "ఇక ఇటువైపు మీ కాపురం" అన్నారు వదిన. వారానికోసారి ఉతికి ఆరేసుకోగల గోడ ఎంతమందికి ఉంటుంది? ఇబ్బందల్లా ఒక్కటే. గోడకి అవతల వదిన టీవీ చూస్తుంటారు. ఇవతల మేం నవ్వితే సౌండు తగ్గిస్తారు.

వీధి చివర రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారి మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది. దానికి ఇటుక గోడలున్నాయి, కిటికీ ఉంది, లోపలినుంచి గడియ పడే తలుపుంది. చూడ్డానికి వెళ్లిన రోజు మేమిద్దరం ఆ గడియ వేసి చూశాం. టక్కుమంది. తీసి మళ్లీ వేశాం. మళ్లీ టక్కుమంది. మేం ఆ పనిలోనే ఉండిపోతే కిందనుంచి ఆవిడ, గడియ బాగానే ఉందా లేక ఇంకా పరీక్షిస్తున్నారా అని అడిగారు. ఆవిడ షరతు ఒక్కటే. అసిస్టెంట్లకి గది ఇవ్వరు. పరీక్ష పాసై, పేరు పక్కన అటార్నీ అని రాసిన బోర్డు పట్టుకొస్తే ఇస్తారు. ఫలితాలు వచ్చేదాకా ఇంకెవరికీ ఇవ్వనని మాటిచ్చారు.

మా ఆయన పనిచేసేది పేటెంట్ అటార్నీల ఆఫీసులో, అసిస్టెంటుగా. ఎవరైనా కొత్త వస్తువు కనిపెడితే, అది వాళ్లదేనని ప్రభుత్వం దగ్గర హక్కు రాయించి పెట్టడం అటార్నీల పని. వాళ్లు చెప్పింది టైపు చేసి, తప్పులు దిద్ది, వాళ్లకి తెలియకుండా వాళ్ల తెలివిని కూడా కాస్త దిద్దడం మా ఆయన పని. అర్హత పరీక్ష ఇప్పటికి రెండుసార్లు రాశారు. రెండుసార్లూ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయారు.

ఫోన్ చేసింది మంత్రిగారి పీఏ. ప్రకటన చదివి వినిపించాక, మంత్రిగారికి పాఠాలు చెప్పే భాగ్యం మా ఆయనకి దక్కిందన్నారు. పరీక్ష పాసైన పెద్దలు అంతమంది ఉండగా తననే ఎందుకు ఎంచుకున్నారని మా ఆయన వినయంగా అడిగారు.

"పాసైనవాళ్లు సిలబస్ ఒక్కసారే చదివారు. మీరు రెండుసార్లు ఫెయిలయ్యారు. అనుభవం మీకే ఎక్కువ" అన్నారు పీఏగారు.

టీవీ ముందునుంచి వదిన వెంటనే అందుకున్నారు. "చూశావా తమ్ముడూ, ఏదీ వృథా పోదు."

మొదటి పాఠానికి నేను కూడా వెళ్లాను. పాఠానికి నా అవసరమేమీ లేదు. కానీ పెళ్లయి రెండు నెలలే కావడంతో, ఆయన ఒక చోటా నేనొక చోటా ఉండడం మా ఇద్దరికీ ఇంకా చేతకాలేదు. మంత్రిగారు మా ఆయన్ని మాస్టారూ అన్నారు, నన్ను అమ్మాయ్ అన్నారు, ఇద్దరికీ కాఫీ ఇప్పించారు. గొప్పవాళ్లు ఎంత మామూలుగా ఉంటారో పుస్తకాల్లో చదవడమే గానీ, ఎదురుగా కూర్చుని చూడడం నాకదే మొదలు.

మా ఆయన గొడుగుతో మొదలుపెట్టారు. ఈ గొడుగు మీరే కనిపెట్టారనుకోండి, ఇందులో మీ సొంతమేదో ఒక్క వాక్యంలో రాయాలి, దాన్నే క్లెయిమ్ అంటారు, వాక్యం ఎంత పొడుగైనా ఫరవాలేదు కానీ ఒక్కటే ఉండాలి అని చెప్పారు. మంత్రిగారికి ఇది మంచినీళ్లు తాగినంత సులువైంది. ఆయన వాక్యం గొడుగు దగ్గర బయల్దేరి, వానల మీదుగా వెళ్లి, గత ప్రభుత్వం దగ్గర చాలాసేపు ఆగి, క్రియ చేరకుండానే పీఏగారి చప్పట్లతో ముగిసింది.

తర్వాతది ఇంకా ముఖ్యమైన పాఠం. వస్తువు కనిపెట్టేది ఒకరైనా హక్కు ఇంకొకరి పేరు మీద ఉండొచ్చని, కనిపెట్టినాయన కాగితం మీద రాసిస్తే చాలని మా ఆయన వివరించారు.

మంత్రిగారు పీఏ వైపు తిరిగారు. "విన్నావటయ్యా. దీనికి చట్టం కూడా ఉందట. ముప్పై ఏళ్లుగా చట్టం లేకుండానే నెట్టుకొచ్చాం."

ఆ రోజునుంచీ ప్రిపరేషన్ ఊపందుకుంది. బంగళా వెనక కారు షెడ్డుని పఠన మందిరంగా మార్చి మంత్రిగారి చేత రిబ్బన్ కత్తిరింపజేశారు. కారు బయట ఎండలో నిలబడి నాయకుడి చదువు కోసం త్యాగం చేసింది. పార్టీ కార్యకర్తలు గేటు ముందు టెంటు వేసి రిలే పఠన దీక్షకి కూర్చున్నారు. నాయకుడి చదువు భారాన్ని తామూ మోస్తామని వాళ్ల ఉద్దేశం. ఒక్కొక్కరూ ఒక్కో పేజీ పైకి చదివి, పుస్తకం పక్కవారికి అందించేవారు. పదిహేడో పేజీ దగ్గర పార్టీలోని రెండు వర్గాలకీ గొడవొచ్చింది. ఆ పేజీలో బొమ్మ ఉంది. బొమ్మ ఉన్న పేజీ తమ వర్గానికే కావాలని ఇద్దరూ పట్టుబట్టారు. మంత్రిగారు చదువు ఆపి వచ్చి రాజీ చేయాల్సి వచ్చింది. చివరికి బొమ్మని మధ్యకి చించారు.

ఇక కొత్తదనం పాఠం. పేటెంట్ విద్యకి ఇదే ప్రాణం. మనం దరఖాస్తు పెట్టే రోజుకి ముందు ఆ సంగతి లోకంలో ఎక్కడైనా, ఎవరైనా, ఎలాగైనా బయటపెట్టి ఉంటే అది ఇక కొత్తది కాదు. కనిపెట్టినాయన తానే నోరుజారి ముందుగా బయటపెట్టేసుకున్నా సరే, అంతే సంగతులు.

"తానే నోరుజారినా?" అన్నారు మంత్రిగారు.

"తానే అయినా అంతేనండి. చట్టానికి మొహమాటం లేదు" అన్నారు మా ఆయన. ఈ మాట అన్నప్పుడు ఆయన ముఖం ఎంత వెలిగిపోయిందో చెప్పలేను. అంత ఇష్టం ఆయనకి ఆ పాఠమంటే.

మంత్రిగారు పాఠం విని వదిలేసే రకం కాదు. మర్నాడే తన శాఖ పథకాలన్నిటికీ కొత్తదనం పరీక్ష పెట్టించారు. కిందటి నెల తాను ప్రారంభించిన పరిశోధనా కేంద్రాన్ని అంతకుముందు మంత్రి ఒకసారి ప్రారంభించినట్టు తేలింది. దానికీ ముందు తవ్వితే, తొలిసారి ప్రారంభించింది కూడా ఈ మంత్రిగారే. పీఏగారు ఆ ఫోటో పట్టుకొస్తే ఆయన చాలాసేపు చూసుకున్నారు.

"అయితే నాకు నేనే అడ్డొచ్చానన్నమాట" అన్నారు. తన తప్పుని అంత నిబ్బరంగా ఒప్పుకున్న మంత్రిని నేనింకొకరిని చూడలేదు. కేంద్రం మాత్రం ఇంకా తెరవలేదు.

ఆ పట్టున ఆయన పాత ప్రశ్నపత్రాల మీద పడ్డారు. ఫలానా ప్రశ్నకి కిందటేడు ఎవరు ఏం రాశారని అడిగారు. అందరూ ఒకే జవాబు రాశారని, సరైన జవాబు ఒక్కటే కదా అని మా ఆయన చెప్పారు. అంతకుముందు ఏడాదీ అదేనా అన్నారు. అదేనన్నారు మా ఆయన. మంత్రిగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. పరీక్షల బోర్డు చైర్మన్‌ని పిలిపించమన్నారు.

చైర్మన్‌గారు పొడుగాటి మనిషి. అవతలివాళ్లు వాక్యం పూర్తిచేయకముందే ఏకీభవిస్తారు.

"కొత్తదనాన్ని కాపాడేవాళ్లకి పెట్టే పరీక్షలో పాత జవాబులకి మార్కులేస్తారేమిటండీ?"

"నేను కూడా చాలాకాలంగా ఇదే..." అన్నారు చైర్మన్‌గారు.

సాయంత్రానికి నిబంధన మారింది. ఈ ఏడాదినుంచి జవాబు సరైనదై ఉండడం చాలదు, కొత్తదై కూడా ఉండాలి. పరీక్షకి ముందు ఎక్కడైనా అచ్చయి ఉంటే మార్కు లేదు.

ఇంటికొస్తూ దారిలో నేను కంగారుపడ్డాను. మా ఆయన మాత్రం పొంగిపోయారు. "సూత్రాన్ని ఇంత బాగా అమలుచేసిన శిష్యుడు నాకు మళ్లీ దొరకడోయ్. మనకేం భయం లేదు. పాత పుస్తకాల్లో లేని కొత్త ఉదాహరణలతో, కొత్త మాటలతో రాస్తాను. హాల్లో అందరూ ఒకే సమయానికి రాస్తారు కాబట్టి ఎవరి జవాబూ ఇంకొకరికి ముందుది కాదు."

అన్నట్టుగానే, రాగల ప్రశ్నలన్నిటికీ తనే కొత్త జవాబులు తయారుచేసుకున్నారు. పేటెంటుకి అర్హత లేని వస్తువుకి ఉదాహరణగా మా దుప్పటి గోడని పెట్టారు. ఇద్దరు కలిసి చేస్తేనే పనిచేసే యంత్రానికి ఉదాహరణగా దుప్పటి మడతపెట్టడం పెట్టారు. చదివి సిగ్గుపడి ఆయన భుజం మీద ఒక్కటిచ్చాను. అవతల టీవీ సౌండు తగ్గింది.

గురువన్నాక దాచుకోకూడదని, ఆ జవాబులన్నీ మంత్రిగారికి కూడా చెప్పేవారు.

ఆఖరి పాఠం ప్రొవిజనల్ దరఖాస్తు. మంత్రిగారు అప్పటిదాకా కునుకు తీస్తున్నారు. మా ఆయన చెప్పుకుపోతూ ఉంటే నెమ్మదిగా కళ్లు తెరిచారు.

"మాస్టారూ, అది మళ్లీ చెప్పండి."

"ఆలోచన పూర్తిగా తయారుకాకపోయినా దరఖాస్తు పెట్టేయొచ్చండి. మిగతాది ఏడాదిలోపు నింపి ఇవ్వాలి. తేదీ మాత్రం మొదట పెట్టిన రోజుదే లెక్క."

"అంటే ముందు పేరు, తర్వాత పని."

"అలా కూడా చెప్పొచ్చండి."

మంత్రిగారు లేచి కిటికీ దాకా వెళ్లి బయటికి చూస్తూ నిలబడ్డారు. "ఇంత మంచి చట్టాన్ని ఇన్నాళ్లూ నాకు చెప్పకుండా ఎవరు దాచారయ్యా" అన్నారు.

మర్నాడు పీఏగారు హాల్లో మా సగానికి వచ్చి, మాస్టారి నోట్సు మంత్రిగారు ఒకసారి చూస్తారట అని పట్టుకెళ్లారు. రెండో రోజున మంత్రిగారు పరీక్షల బోర్డులో తన ప్రొవిజనల్ జవాబులు దాఖలు చేసి తేదీ ముద్ర వేయించుకున్నారు. ప్రశ్నలు ఇంకా రాలేదు కదా అని ఒక విలేఖరి అడిగితే, అవి వచ్చాక ఏడాదిలోపు సరిపెడతామని సెలవిచ్చారు. ఆ వారాంతంలోనే 'నా జవాబులు' అనే పుస్తకం విడుదలైంది. అట్ట మీద మంత్రిగారు గొడుగు పట్టుకుని నిలబడ్డారు. తొలి ప్రతి మా ఆయనకే అందించారు. గురువుగారికి ఆశీస్సులతో అని సంతకం కూడా పెట్టారు.

పేపర్లో ఫోటో పడింది. జనంలో మా ఆయన ముఖం కనిపించలేదు కానీ ఎడమ చెవి స్పష్టంగా పడింది. ఆ చెవిని నేనెక్కడైనా గుర్తుపడతాను. దాన్ని జాగ్రత్తగా కత్తిరించి నా పర్సులో పెట్టుకున్నాను.

పుస్తకం తిరగేస్తే దుప్పటి గోడ తగిలింది. ఇవన్నీ మీ జవాబులే కదండీ అన్నాను.

"ఒక్క కామా కూడా మార్చలేదు. నామీద ఎంత నమ్మకమో చూడు" అన్నారు మా ఆయన.

పరీక్ష రోజున మంత్రిగారు హాలుకి వచ్చి, అభ్యర్థులకి ధైర్యం చెప్పి, అందరి చేతా లేచి నిలబడి చప్పట్లు కొట్టించుకుని వెళ్లిపోయారు. ఆయన రాయాల్సిందేమీ లేదు, ముందే దాఖలైంది. మా ఆయన మాత్రం చివరి గంట కొట్టేదాకా రాశారు. బొటనవేలికి సిరా అంటుకుని, నవ్వుకుంటూ బయటికొచ్చారు. అన్నీ తాను జవాబులు తయారుచేసుకున్న ప్రశ్నలేనట. చినుకులు పడుతుంటే ఒకే గొడుగు కింద సగం సగం తడుస్తూ హెడ్మిస్ట్రెస్ గారింటికి వెళ్లి, అడిగి మరీ గడియ ఇంకోసారి వేసి చూసుకున్నాం.

ఫలితాల్లో ఒక్కరే పాసయ్యారు. మంత్రిగారు. ప్రథమ స్థానం, ప్రొవిజనల్‌గా.

మా ఆయన మార్కుల మెమోలో ఇలా ఉంది: జవాబులన్నీ సరైనవే, అయితే ఇవి మంత్రివర్యుల పుస్తకంలో పరీక్షకి ముందే ప్రచురితం. మార్కులు సున్నా. మిగతావాళ్ల మెమోల్లో, జవాబులు కొత్తవే, అయితే తప్పు అని ఉంది. ఒకాయనకి మాత్రం జవాబుపత్రం మీద పడిన సిరా మరకకి అరమార్కు వచ్చిందట. అలాంటి మరక అంతకుముందు ఎక్కడా నమోదు కాలేదు.

మెమోని మా ఆయన రెండుసార్లు చదివారు. తర్వాత, సూత్రం ప్రకారం తప్పు పట్టలేమన్నారు. కానీ ఆ సాయంత్రం హెడ్మిస్ట్రెస్ గారి మెట్ల దగ్గర ఆగిపోయారు. పైకెళ్లి గడియ ఒకసారి వేసొద్దామా అంటే వద్దని తలూపారు. అంతకుముందు ఎప్పుడూ ఆయన దానికి వద్దనలేదు. హెడ్మిస్ట్రెస్ గారు కూడా ముక్కుసూటిగానే చెప్పారు. ఫలితాలు వచ్చేశాయి. ఒక సంగీతం మాస్టారు గది అడుగుతున్నారు. ఇంకొక్క రోజు చూసి ఆయనకి ఇచ్చేస్తారట.

ఫలితం మీద అప్పీలు చేసుకునే వీలుందని ఆ రాత్రే మా ఆయనకి గుర్తొచ్చింది. ఇవాళ పొద్దున్నే వెళ్లి దాఖలు చేశారు. విచారణ రేపే. అయితే అభ్యర్థి తరఫున అర్హత పొందిన అటార్నీ ఎవరైనా వాదించాలి. ఆఫీసులో అందరినీ అడిగారు. ఎవరూ ఒప్పుకోలేదు, ఒప్పుకునే స్థితిలో లేరు. కొత్త నిబంధన పాతవాళ్లకి కూడా వర్తిస్తుందట. అన్నేళ్లుగా పాత జవాబులే రాసి పాసయ్యారు కాబట్టి అందరి అర్హతలూ నిలిపేశారు. మా ఆయన బాస్ తన బోర్డు మీద పాత తువ్వాలు కప్పి కూర్చున్నారట. ప్రస్తుతానికి చెల్లుబాటయ్యే అటార్నీ ఒక్కరే ఉన్నారు.

మధ్యాహ్నం పీఏగారు ఫోన్ చేశారు. "మంత్రిగారు పెద్ద మనసుతో ఒప్పుకున్నారండీ. గురువుగారి కేసు, ఫీజు కూడా వద్దన్నారు."

"మరి పుస్తకం తరఫున ఎవరు వాదిస్తారండీ?" అన్నారు మా ఆయన.

"రచయిత ఆయనే కదండీ. అది కూడా ఆయనే చూసుకుంటారు. కాకపోతే రెండిట్లోనూ ఏం మాట్లాడాలో సాయంత్రంలోగా మీరే రాసి పంపాలి."

మా ఆయన భోజనం కూడా సరిగ్గా చేయకుండా రెండు వాదనలూ రాశారు. చదివి చూశాను. రెండూ బాగున్నాయి. మాకు వ్యతిరేకంగా రాసింది ఇంకా బాగుంది. దాన్ని ఎక్కడైనా కొంచెం చెడగొట్టండి అని బతిమాలాను.

"వృత్తి ధర్మం ఒప్పుకోదోయ్" అన్నారు ఆ వృత్తిలోకి ఇంకా అడుగుపెట్టని మా ఆయన. అందుకే ఈ మనిషంటే నాకంత ఇష్టం.

తీర్పు చైర్మన్‌గారు రేపే ఇస్తారట, ప్రొవిజనల్‌గా. కారణాలు ఏడాదిలోపు.

ఆ మాట విన్నాక నేనిక ఊరుకోలేదు. చెప్పులేసుకుని ఒక్కదాన్నే హెడ్మిస్ట్రెస్ గారింటికి వెళ్లాను. ప్రొవిజనల్ అంటే ఏమిటో ఆవిడకి మొదటినుంచీ వివరించాను. ఆవిడ కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు.

"అంటే అమ్మాయ్, ముందు గది, తర్వాత పరీక్షా?"

"అలా కూడా చెప్పొచ్చండి."

ఆవిడ కాస్త ఆలోచించి, చట్టమే ఒప్పుకుంటే తానెందుకు కాదనాలి అన్నారు. గది రేపే ఇస్తారట. తలుపు మాత్రం ఊడదీసి కింద పెడతారు. మా ఆయన పాసైన రోజున మళ్లీ బిగిస్తారు. గడువు ఏడాది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మొదట నన్ను చూశారు, తర్వాత తాడు మీద ఉన్న దుప్పటిని చూశారు. ఇద్దరం ఒకేసారి నవ్వాం. అవతల వదిన టీవీ పూర్తిగా కట్టేసి, "ఏమైందిరా?" అన్నారు.

కాబట్టి రేపటి కార్యక్రమం ఇలా ఖరారైంది. పొద్దున పది గంటలకి మంత్రిగారు మా తరఫున వాదిస్తారు. భోజనమయ్యాక మాకు వ్యతిరేకంగా వాదిస్తారు. తీర్పు ఏదైనా సాయంత్రానికి మేం మేడ మీదికి మారుతున్నాం. తలుపు ఉండాల్సిన చోట కట్టడానికి వదిన ఆ తాడు కూడా ఇచ్చేశారు. గోడని ఇప్పుడే ఉతికి ఆరేశాను. రేపు దాన్ని మా ఆయనా నేనూ కలిసి మడతపెట్టాలి.